ఒంటికన్ను గొర్రెపిల్లలు

మన గూడేల్లో వికారపు దూడ పుడితే ముందు వెతికేది కారణాన్ని కాదు, మనిషిని. ఎవరి కన్ను పడింది, ఎవరు చిల్లంగి పెట్టారు అని. ఆ మాట చివరికి ఏ ఒంటరి ముసలమ్మ గుమ్మం ముందు ఆగుతుందో మనకు తెలుసు. అందుకే అమెరికాలోని ఐడహో గొర్రెల మందల చరిత్ర మన పిల్లలకు చెప్పదగినది.

1950లలో అక్కడ కొండల మీద మేసిన మందల్లో కొన్ని పిల్లలు ముఖం నడుమ ఒకే కన్నుతో పుట్టాయి. కొన్నిటి మూతి కోతిమూతిలా ఉండేది. కొన్ని గొర్రెలు అసలు ఈనేవే కావు. గొర్రె సుమారు 150 రోజులకు ఈనుతుంది. ఇవి 200 రోజులు దాటినా మోసేవి. కడుపులో పిల్ల పెరిగి పెరిగి తల్లి ప్రాణం మీదికి వచ్చేది. ఈనే వేళయిందని కబురు పంపేది తల్లి కాదు, పిల్లే. ఆ పిల్లల మెదడు కింది పిట్యూటరీ గ్రంథి సరిగా ఏర్పడక కబురు అందలేదు.

మొదట అది వంశదోషమనుకున్నారు. వ్యవసాయ శాఖ పశువైద్యుడు వేన్ బిన్స్, ఆయన తోటివారు ఏళ్ల తరబడి శ్రమించి చివరికి మేతలో కారణం పట్టుకున్నారు. తడి కొండబయళ్లలో పెరిగే కార్న్ లిల్లీ మొక్క అది. పొట్టేలు దాటిన 14వ రోజు ప్రాంతంలో గొర్రె దాన్ని తింటే పిల్లకు ఒంటికన్ను. తిన్న ఆకుకూ ఈనిన పిల్లకూ మధ్య నాలుగున్నర నెలలు. ఎవరికి తడుతుంది? మన కాపరులకు మాత్రం పొట్టేలు ఎప్పుడు దాటిందో, మంద ఆ వారం ఏ కొండన మేసిందో నోటిలెక్కగా ఉంటుంది. కాగితం మీద లేదు, అంతే.

నెవాడా ప్రాంతపు పాయూట్, షోషోని ఆదివాసులు ఆ మొక్క వేరును మందుగా ఎరుగుదురు. ఐడహోలో విరుగుడు కూడా తేలికైనదే: చూలు కట్టే రోజుల్లో మందను ఆ బయళ్లకు తోలకపోవడం.

అన్ని వికారాలూ ఆకువల్లే రావు. ఒకే ఆంబోతు తన సంతానాన్నే దాటుతూ పోయినా వస్తాయి.

ఆ మొక్కలోని విషానికి సైక్లోపమైన్ అని పేరు పెట్టారు. పిండంలో ముఖాన్ని రెండు వైపులుగా తీర్చే సంకేతాన్ని అది అడ్డుకుంటుందని 1990లలో తేలింది. అదే సంకేతం కొన్ని చర్మ క్యాన్సర్లను పెంచుతుంది. దాన్ని ఆపే విస్మోడెగిబ్ అనే మందు 2012లో అమెరికాలో అనుమతి పొందింది. గర్భిణులు వాడితే బిడ్డకు తీవ్రమైన అవకరాలు వస్తాయన్న హెచ్చరిక దానితోపాటే ఇస్తారు.