రాతి మీద లేని రాత్రి

ఓ పోరగాండ్లు, కందికట్టె అంత ఒక్కపారే ఎయ్యకుండ్రి, భగ్గుమని మండి అయిపోతది. గా తుమ్మమొద్దు ఇటు జరుపుండ్రి. ఆఁ, ఇగ ఇనుండ్రి.

మన పానగల్లు చెరువును ఉదయసముద్రం అని ఎందుకంటరో ఎరికేనా? ఉదయచోడుడు కట్టిచ్చిండు. కందూరు చోడుల వంశపోడు. పాలమూరు దిక్కు కందూరు, ఇటు మన పానగల్లు, రెండూ వాళ్ల ఏలుబడి కిందనే ఉండె. ఆ వంశంలనే భీముడని ఒకడు పుట్టిండు. కల్యాణి చక్రవర్తి తైలపుడు పాణం ఇడిసిండని తెల్వంగనే, ఇగ నా మీద ఎవడున్నడని ఎగిరిండట. గోకర్ణుడనేటోని పాణం దీసిండు. కాకతి రుద్రదేవుడు దండెత్తొచ్చి వర్ధమానపురం కాలవెట్టిండు, భీముడు అడివి పట్టిండు. ఇదంత హన్మకొండ వెయ్యిస్తంభాల గుళ్లె 1163ల రుద్రుడు చెక్కిచ్చిన శాసనంల ఉన్నది. గెలిచినోడు రాయిచ్చిన రాత గద, భీముణ్ని తిట్టని తిట్టు లేదు. కని గోకర్ణుని సంపే ముందు భీముని ఇంట్ల ఎవరు ఎవరితోని ఏమన్నరో, రాతి మీద ఒక్క అక్షరం లేదు.

గసొంటి మాటలు ఇనాల్నంటే షేక్స్‌పియర్ నాటకం సూడాలె, మాక్బెత్. 1606 జాడల రాసిండు. మేం సదువుకునేటప్పుడు మా సారు తెలుగు, ఉర్దు కలిపి సెప్తుండె. పుస్తకం మూసి సెప్తేనే మాకు తలకెక్కుతుండె.

మాక్బెత్ స్కాట్లండుల సేనాపతి. లడాయి గెలిచి వస్తాంటే ముగ్గురు మంత్రగత్తెలు ఎదురై నువ్వు రాజువైతవు అన్నరు. ఆయన ఏం జేసిండు? ఇంటికొచ్చేదాంక ఆగలె, పెండ్లానికి ఉత్తరం రాసిండు. మగడు పెండ్లాం అంత దగ్గర. ఉత్తరం సదివి ఆమె ఏమనుకున్నదంటే, మా ఆయనకు ఆశ ఉన్నది గని మనసు మెత్తన, పని అయ్యేది కాదు, నేనే పూనుకోవాలె అని. అదే రాత్రి రాజు డంకన్ వాళ్లింటికే సుట్టమై వచ్చిండు. మాక్బెత్ ఎనకకు జరిగిండు. ఇంటికొచ్చినోడు, సుట్టం, రాజు, ఎట్ల సంపుదునన్నడు. నువ్వు మొగోనివేనా అన్నది. అయిపాయె.

గియాడ ఒక్క ముచ్చట మీరు పట్టుకోవాలె. ఆమెను అందరు రాక్షసి అంటరు. నేననను. కావలోళ్లకు మత్తు మందు కలిపి తాగిచ్చింది ఆమెనే, కత్తులు సదిరి పెట్టింది ఆమెనే. మరి తానే ఎందుకు పొడవలె? పండుకున్న ముసలి రాజు మొఖం తన నాయిన లెక్క అగుపించింది. గా ఒక్క మాట నాటకంల రాకపోతే ఆమె ఒట్టి బొమ్మ. మాక్బెత్ సంపి, బుగులుకు కత్తులు చేతుల్నే పట్టుకొచ్చిండు. మళ్ల ఆ అర్ర దిక్కు సూడనన్నడు. ఆమెనే కత్తులు గుంజుకొని పోయి, కావలోళ్లకు నెత్తురు పూసి వచ్చి, బొట్టు నీళ్లతోని కడుక్కుంటే పోతదన్నది.

కడుక్కుంటే పోతదన్న ఆమెనే ఆఖర్న నిద్రల లేచి దీపం పట్టుకొని తిరుగుకుంట, లేని నెత్తురు రుద్దుకుంట ఉంటది. వైద్యుడు నిలవడి సూస్తడు గని ఆయన తాన మందు లేదు.

నడుమల ఏమైందంటే, మాక్బెత్ మాట దాచవట్టిండు. తన దోస్తు బ్యాంకోను సంపిచ్చేటప్పుడు ఆమెకు సెప్పలె. నువ్వు తెల్వకుండనే ఉండు, అయినంక మెచ్చుకో అన్నడు. నా లెక్కల ఆ ఇల్లు కూలింది గాడనే, డంకన్ సచ్చిన్నాడు కాదు. పాపం చెయ్యనన్నోడు ఒక్కటెనక ఒకటి చేసుకుంట రాయి అయిండు, ధైర్యం సెప్పినామె సన్నగ చిట్లింది. విందుల బ్యాంకో దయ్యం ఈయనకే కనవడ్డది. గప్పుడు కూడ ఆమె మొఖం మార్చకుండ సుట్టాలను సదిరి పంపింది. గదే ఆఖరు సంసారం. తర్వాత ఆమె సచ్చిందని కబురొస్తే, కూసొని ఏడ్వనీకె తీరిక లేదాయనకు, కోట సుట్టు శత్రువులు.

నిజం మాక్బెత్ ఎవరన్న ఉన్నడా అంటవా బిడ్డా? ఉన్నడు. 1040 నుంచి 1057 దాంక పదిహేడేండ్లు ఏలిండు. డంకన్‌ను సంపింది నిద్రల కాదు, లడాయిల. షేక్స్‌పియర్ కాలంల ఉన్న రాజు జేమ్స్ తనది బ్యాంకో వంశం అనుకుంటుండె, ఇగ బ్యాంకో మంచోడు కాక ఏమైతడు! మన రుద్రుని రాతి లెక్కనే ఇదీని. నాటకంల ఆ ఇల్లాలికి సొంత పేరు గూడ లేదు. అసలు పేరు గ్రూఓక్. లోక్ లెవెన్ మఠం సన్యాసులకు భూమి రాసిచ్చిన దానం కాగితంల రాజు పేరు పక్కన ఆమె పేరున్నది. మన పానగల్లు గుళ్ల రాళ్లు ఎక్కువ దానాలవే గద, రేపు తెల్లారినంక పచ్చల సోమేశ్వరం కాడికి పోదాం, సదువుదురు.