పొగ సంగతి ముందు పశువుల్లో బయటపడింది

మొన్న సాయంత్రం పక్క చేలో వరి కొయ్యకాళ్లు తగలబెడితే పొగంతా మా పాకలోకి వచ్చింది. గేదె ఒకటే దగ్గు. ఎప్పుడో చదివిన లండన్ కథ గుర్తొచ్చింది.

1952 డిసెంబరు 5. అక్కడ చలి బాగా ఎక్కువ. ఇంటింటా నాసిరకం బొగ్గు మండుతోంది. ఫ్యాక్టరీలు, కరెంటు కేంద్రాలు కూడా బొగ్గు మీదే. గాలి ఆడలేదు. నేల దగ్గర చల్లగాలి, దాని మీద వెచ్చగాలి మూతలా కూర్చుంది. పొగకి పైకి పోయే దారి లేదు. బొగ్గులోని గంధకం కాలి సల్ఫర్ డయాక్సైడ్ అయింది, అది పొగమంచు తేమలో కలిసి గంధకామ్లం అయింది. మసితో పాటు దాన్నే జనం ఐదు రోజులు పీల్చారు.

ఆ రోజుల్లోనే ఎర్ల్స్ కోర్ట్‌లో స్మిత్‌ఫీల్డ్ పశువుల ప్రదర్శన. అక్కడికి తెచ్చిన మేలుజాతి పశువులు ఊపిరాడక రొప్పాయి. కొన్ని చచ్చిపోయాయి. అది అందరి కంటా పడింది. మనుషుల సంగతి మాత్రం చావుల లెక్కలు తీసేదాకా తెలియలేదు. ముసలివాళ్లు, పసిపిల్లలు, ఊపిరితిత్తుల జబ్బున్నవాళ్లు ఎవరింట్లో వాళ్లు పోయారు. మొదట తేలింది 4,000 మంది. తర్వాతి నెలల్లో పోయినవాళ్లని ప్రభుత్వం ఫ్లూ ఖాతాలో రాసింది. చాలా ఏళ్లకు పరిశోధకులు వాళ్లనీ కలిపి చూసి 12,000 దాకా ఉంటారన్నారు.

1956లో క్లీన్ ఎయిర్ చట్టం వచ్చింది. మనం చూడాల్సింది ఇక్కడే. పొగ రాకూడదని ప్రకటించిన ప్రాంతాల్లో పొయ్యి మార్చుకునే ఖర్చులో పదింట ఏడు వంతులు సర్కారు, స్థానిక సంస్థ కలిసి ఇచ్చాయి. ఇంటివాళ్లు పెట్టుకుంది మూడు వంతులే. జరిమానా ఉంది, దాంతో పాటు చేయూత కూడా ఉంది.

మన గడ్డి పొగలో బొగ్గంత గంధకం ఉండదు, నిజమే. కానీ 2.5 మైక్రాన్ల కన్నా సన్నటి కణాలు, కార్బన్ మోనాక్సైడ్ ఉంటాయి. ఆ కణాలు ఊపిరితిత్తుల అడుగుదాకా పోతాయి, గుండెకీ చేటే. ముందు పీల్చేది అగ్గి పెట్టినవాడూ, వాడి ఇంటోళ్లే.

నేనూ ఒకప్పుడు కాల్చినవాణ్ణే, దాచుకోను. రెండో పంటకి టైము ఉండదు, మిషను కిరాయి భరించలేం. తప్పు మనదే, మానాల్సిందీ మనమే. కానీ ఒట్టి జరిమానాతో పొగ ఆగదు. లండన్‌లో లాగా ఖర్చులో వాటా పంచుకుంటే ఆగుతుంది. మీరేమంటారు?