కూత పేరే ఆట పేరు

ఆటల పేర్లు చాలావరకు వస్తువుల నుంచో, ఊళ్ళ నుంచో వస్తాయి. ఫుట్‌బాల్‌లో బంతి ఉంది. బ్యాడ్మింటన్ అన్నది ఇంగ్లండులో ఒక డ్యూక్ గారి బంగళా పేరు. చెడుగుడులో మాత్రం ఏ వస్తువూ లేదు, ఏ ఊరూ లేదు. గీత దాటి అవతలి జట్టు మీదికి పోయినవాడు మధ్యలో ఊపిరి పీల్చుకోలేదనడానికి రుజువుగా ఆపకుండా చేసే చప్పుడే ఆ ఆట పేరు. ఆ చప్పుడుని మనం కూత అంటాం, కోడికీ రైలుకీ ఉన్న మాటే.

అందుకే భాష మారితే పేరూ మారింది. మరాఠీలో హుతుతు, బెంగాలీలో హాడుడు, తమిళంలో సడుగుడు. తమిళ 'కై' (చెయ్యి), 'పిడి' (పట్టు) కలిసి కబడ్డీ అయిందని ఒక వాదం బాగా చలామణిలో ఉంది. వినడానికి ముచ్చటగానే ఉంటుంది గానీ, చుట్టుపక్కల పేర్లన్నీ అర్థంలేని చప్పుళ్ళయి ఇదొక్కటే సమాసం కావడం నాకు మింగుడుపడదు. ఇదీ ఒక కూతే అయ్యుండాలి.

1920లలో మహారాష్ట్రలో నియమాలు కుదిరాయి. 1950లో జాతీయ సమాఖ్య, 1990లో బీజింగ్ ఆసియా క్రీడల పతకం. దేశమంతా ఒకే ఆట ఆడాలంటే ఒకే పేరుండాలి, సరే. కానీ ఇక్కడ పేరంటే కూత. కూతకు వెళ్ళినవాడు 'కబడ్డీ' అనే మాటనే స్పష్టంగా, ఒకే ఊపిరిలో అంటూ ఉండాలని నియమావళి చెబుతుంది. అంటే పోటీల్లో చెడుగుడు అని కూస్తే అది తప్పు! ఒక భాష తన ఆటకు పెట్టుకున్న పేరు ఆ ఆటలోనే ఫౌల్ అయింది.

ఛందస్సు తెలిసినవాళ్ళు గమనించే ఉంటారు: చె-డు-గు-డు నాలుగూ లఘువులే, ఇంద్రగణాల్లో 'నల'మన్నమాట. ఎక్కడా తట్టుకోకుండా దొర్లిపోతుంది. కబడ్డీలో ద్విత్వం దగ్గర నాలుక ఆగి, గాలిని ఒక్క క్షణం పట్టి వదలాలి. రిఫరీ చెవికి అదే సుఖమేమో.

2003లో వచ్చిన 'ఒక్కడు' హీరో కబడ్డీ ఆటగాడే. 2014లో ప్రో కబడ్డీ వచ్చాక, తెలుగు టైటాన్స్ అని పేరులోనే తెలుగు పెట్టుకున్న జట్టు కూడా కబడ్డీ అనే కూస్తోంది. చెడుగుడు ఇప్పుడు ఎక్కువగా కనబడేది క్రికెట్ వార్తల్లో. ఎవరో బ్యాటర్ బౌలర్లను చెడుగుడు ఆడుకున్నాడని రాస్తారు.