మన చెవుల చరిత్ర - 6: తోలు పలికింది, పేరు పలకలేదు

పోయిన వారం ఒక స్నేహితుడు తనకిష్టమైన కర్ణాటక సంగీత రికార్డుల జాబితా పంపినాడు. ఏది ఎల్పీ నుంచి ఎక్కించింది, ఏది క్యాసెట్టు నుంచి, ఎక్కడ గరగర ఎక్కువ, ఎక్కడ మృదంగం ఎడమ పక్క మోత కూడా స్పష్టంగా వినబడుతుంది, అన్నీ రాసినాడు. పాడినవాళ్ళ పేర్లున్నాయి, వయొలిన్, మృదంగం వాయించినవాళ్ళ పేర్లున్నాయి. పాకాల మాదిగపల్లెలో పుట్టిన నాకు ఒక్క ప్రశ్న మిగిలింది. ఆ మృదంగం చేసిందెవరు?

పేరు సంగతి చిన్నది కాదు. 1902లో ఫ్రెడ్ గైస్‌బర్గ్ కలకత్తాలో గౌహర్ జాన్ పాట రికార్డు చేసినాడు. మూడు నిమిషాల పాట అయిపోగానే ఆమె తన పేరు తానే గట్టిగా చెప్పింది. రికార్డులు అచ్చయ్యేది జర్మనీలోని హానోవర్‌లో. పాడిందెవరో అక్కడివాళ్ళకు తెలియాలి గదా! పెద్దమనుషులు చిన్నచూపు చూసిన ఒక తవాయిఫ్ అట్లా తన పేరును చరిత్రలో గీయించుకుంది. దక్షిణాదిలో దేవదాసీ కుటుంబంలో పుట్టిన బెంగళూరు నాగరత్నమ్మ కూడా గ్రామఫోన్‌కు పాడింది. రికార్డు వాళ్ళ పేర్లు దాచిపెట్టింది.

తోలుకు ఆ భాగ్యం లేదు. అప్పట్లో మైకు లేదు, పెద్ద కొమ్ములోకి పాడాల. అందులో గొంతు పడినంత బాగా మృదంగం పడేది కాదు. 1925 నుంచి విద్యుత్ మైకుతో రికార్డింగు మొదలైంది. తర్వాత టేపు, ఎల్పీ వచ్చినాయి. సాంకేతికత మారేకొద్దీ తోలు శబ్దం మన చెవికి దగ్గరయింది. తోలు పనివాడి పేరు మాత్రం దగ్గర కాలేదు.

ఆ శబ్దం ఎట్లా పుడుతుందో చూడండి. పనస కొయ్య తొలిచిన గుల్ల. మూతలకు ఆవు తోలు, మేక తోలు. బిగించే వార్లకు ఎనుము తోలు. కుడి పక్కన రాతిపొడి, అన్నం కలిపి పొరలు పొరలుగా రుద్దిన నల్ల పూత. ఏ తోలు ఎంత మందం, ఏది ఎంత లాగాల, పూత ఎక్కడ ఆపాల అనేది చేతికి, చెవికి తెలిసిన శాస్త్రం. సౌండ్ క్వాలిటీ స్టూడియోలో కాదు, అక్కడ మొదలవుతుంది.

పాలక్కాడ్ మణి అయ్యర్ (1912-1981) పేరు వినని మృదంగం విద్యార్థి ఉండడు. సంగీత కళానిధి అందుకున్న మొదటి మృదంగ విద్వాంసుడాయన. కచేరీలో మైకు వద్దనేవాడు, తోలు నాదం తోలు నాదంగానే వినబడాలని. చివరి ఏళ్ళలో మా ఉమ్మడి చిత్తూరు జిల్లాలోనే, మదనపల్లె దగ్గర రిషివ్యాలీ బడిలో మృదంగం నేర్పినాడు. పాకాల జంక్షన్‌లో ధర్మవరం బండి ఎక్కితే మదనపల్లె రోడ్డు స్టేషన్ ఎంతో దూరం లేదు. ఆయన కోరిన నాదాన్ని తోలులో వెతికి పట్టినవాడు తంజావూరు దళిత క్రైస్తవుడు పర్లాందు. మణి అయ్యర్ పేరు మా జిల్లాలో కూడా తెలుసు. పర్లాందు పేరు నేను పీహెచ్‌డీ అయినాక గానీ వినలేదు.

ఆ పేరు వినిపించింది టి.ఎం. కృష్ణ రాసిన 'సెబాస్టియన్ అండ్ సన్స్', 2020లో. మృదంగం చేసే కుటుంబాల చరిత్ర అది. పుస్తకావిష్కరణకు హాలు ఇస్తామన్న చెన్నై కళాక్షేత్ర, తీరా వేళకు అనుమతి వెనక్కి తీసుకుంది. మృదంగం ఆ వేదిక ఎక్కొచ్చు. చేసినవాళ్ళ కథ ఎక్కకూడదు!

మా తాత పలక కొట్టేవాడు. చింతగింజల జిగురుతో మేకతోలు అంటించి, ఎండలో ఆరబెట్టి, కొట్టేముందు మంట దగ్గర కాచి, వేలితో తట్టి వినేవాడు. "ఇంకా పలకలేదురా" అని మళ్ళీ కాచేవాడు. అదీ శ్రుతి చేయడమే. చచ్చిన పశువును ఈడ్చినందుకు మమ్మల్ని ఊరి బయట పెట్టినారు. అదే తోలు సభలోకి పోతే నాదబ్రహ్మమన్నారు.

పాటలు వినడం మానమని నేను చెప్పను. నేనూ వింటా, ఇష్టంగా వింటా. జాబితా రాసేటప్పుడు ఒక్క గీటు ఖాళీగా పెట్టండి: మృదంగం చేసినవారు. విద్యార్థి మిత్రులారా, మీ ఊళ్ళో మృదంగం, తబలా, డోలు మూసే మనిషి దగ్గరకు పోండి. పేరు అడగండి, ఫోన్‌లో గొంతు రికార్డు చేయండి. గౌహర్ జాన్ లాగా చివర తన పేరు తననే గట్టిగా చెప్పమనండి.

జై భీమ్.