జిగురు సీసా

నేను గుమాస్తాగా చేరిన రోజుల్లో మా గొలుగొండ వైపు ఆఫీసుల్లో జిగురంటే తుమ్మబంకే. అదైపోతే మైదా ఉడికించి మైలుతుత్తం కలిపేవాళ్లం. ఒకసారి తుత్తం మరిచాను. సర్వీసు రిజిస్టరు పేజీలు పురుగు తినేసింది. ఒక అటెండరు భార్యకు కుటుంబ పెన్షను రెండేళ్లు ఆగింది. ఆవిడ ఏమీ అనలేదు, అదే బాధ.

అప్పటికే, 1901లో, జర్మనీలో ఒట్టో రోమ్ గారు ఆక్రిలిక్ ఆమ్లంపై పరిశోధనా వ్యాసం సమర్పించి ఉన్నారు. ఆ ఆమ్లపు ఎస్టర్లలో మెత్తనిదీ గట్టిదీ కలిపి గొలుసుగా అల్లితే కోపాలిమరు. మెత్తనిది అతుకుతుంది, గట్టిది పట్టు నిలుపుతుంది. నేటి టేపులకు, లేబుళ్లకు ఇదొక ముఖ్యమైన ముడిసరుకు. మైదాలోలా పురుగుకిందులో మేత లేదు. కొచ్చిలో భారత్ పెట్రోలియం వారి ఆక్రిలేట్ల కర్మాగారం 2021లో జాతికి అంకితమైంది.

మొన్న నా పెన్షను పుస్తకం చిరిగితే మనవరాలు టేపు అంటించింది. రెండుసార్లు లాగి చూశాను.