ఈథర్‌నెట్‌కు దారి తెలిసిన కథ

రేడియోలు మన యిండ్లకు వచ్చిన తొలి దినములలో ‘ఈథరు’ అను మాట తరచుగా వినబడుచుండెడిది. తరంగములు సాగుటకు లోకమంతట నిండిన సూక్ష్మపదార్థ మొకటి యుండవలెనని పూర్వపు శాస్త్రజ్ఞులు తలచిరి. అట్టి పదార్థము లేదని తరువాత తేలినది గాని పేరు మాత్రము నిలిచినది. 1973 మే 22వ తేదీన అమెరికాలో, జిరాక్సు సంస్థవారి పాలో ఆల్టో పరిశోధనాలయమున, రాబర్టు మెట్‌కాఫ్ అను యువకుడు కంప్యూటర్లను కలుపు తన పద్ధతికి ‘ఈథర్‌నెట్’ అని పేరు పెట్టెను. హవాయి విశ్వవిద్యాలయమువారు 1971లో రేడియో తరంగములపై నడిపిన ‘అలోహా’ వ్యవస్థ ఆయనకు ప్రేరణ. అక్కడ అందరును ఒకే ఆకాశమున పలికిరి. ఇక్కడ అందరును ఒకే తీగపై పలుకుదురు. కావున ఈ చరిత్ర రేడియో శ్రోతలకు పరాయిది కాదు.

ఒకే తీగ యన్నచో దారి వెదకవలసిన పని లేదు. ఒకరు పలికినది అందరికి వినబడును. ఎవరి పేరున వచ్చినదో వారు గ్రహింతురు. అందువలన ఈథర్‌నెట్ కవరుపై పంపినవారి సంఖ్య, అందుకొనువారి సంఖ్య వ్రాసిన చాలుననుకొనిరి. 1980లో డిజిటల్, ఇంటెల్, జిరాక్సు సంస్థలు కలిసి ప్రకటించిన నిబంధనలలో ఈ సంఖ్య 48 బిట్లుగా స్థిరపడినది. ఇది మనిషి పేరే కాని ఊరు పేరు లేని చిరునామా వంటిది. కవరు ఎన్ని చేతులు మారినదో లెక్కించు గడియు దానిపై లేదు. ఇంటర్‌నెట్ ప్యాకెట్టుపై ఆ లెక్క యుండును. చేయి మారినప్పుడెల్ల ఒకటి తగ్గి, సున్న యైనప్పుడు ప్యాకెట్టు పారవేయబడును. ఒక భవనములోని తీగకు అట్టి జాగ్రత్త ఎందుకని నాటివారు తలచిన, వారిని తప్పుపట్టలేము.

చిక్కు తరువాత వచ్చినది. జనులు తీగకు తీగను ‘బ్రిడ్జి’ అను పెట్టెలతో అతికించసాగిరి. ఏ సంఖ్యవారు ఏ వైపునుండి పలుకుచున్నారో బ్రిడ్జి విని గుర్తుంచుకొనును. తెలియని పేరు వచ్చినచో అన్ని వైపులకును నకళ్లు పంపును. ఇట్టి పెట్టెల నడుమ తీగలు చుట్టుగా కలిసినచో, నకలు తిరిగి వచ్చి మరి కొన్ని నకళ్లకు జన్మమిచ్చును. లెక్క లేదు గనుక వానికి చావు లేదు. క్షణములలో తీగలన్నియు కిక్కిరిసిపోవును. దీనిని సాంకేతికులు ‘బ్రాడ్‌కాస్టు తుపాను’ అందురు. ఆకాశవాణి శ్రోతలకు ఈ పేరు రుచింపకపోవచ్చును.

డిజిటల్ సంస్థలో పనిచేయుచున్న రేడియా పెర్ల్‌మన్ అను విదుషికి ఈ సమస్య అప్పగింపబడినది. ఒక శుక్రవారమున అప్పగించగా ఆ రాత్రియే పరిష్కారము తోచెనని, సోమ మంగళ వారములలో వ్రాసి ముగించి, మిగిలిన వారమంతయు దానిపై పద్యము వ్రాయుటలో గడిపితినని ఆమె చెప్పుకొనినది. 1985లో ప్రకటితమైన ఆ పద్ధతి పేరు ‘స్పానింగ్ ట్రీ’. పెట్టెలు తమలో తాము మాటలాడుకొని, చిన్న సంఖ్య గలదానిని వేరుగా ఎన్నుకొని, దానినుండి కొమ్మలు విడిన చెట్టువలె తీగలను మిగిల్చి, తక్కినవానిని మూసివేయును. చెట్టులో చుట్టు లేదు గనుక తుపాను లేదు.

కాని డబ్బు పోసి వేసిన తీగలు మూతపడి యుండును. పొరుగుననున్న రెండు పెట్టెలు సయితము వేరు చుట్టూ తిరిగి మాటలాడుకొనవలసి వచ్చును. ఇంతకంటె భయంకరమైనది మరొకటి కలదు. అవతలి పెట్టెనుండి సందేశము రాకున్న, అది పడిపోయినదని తలచి ఇవతలి పెట్టె మూసిన తీగను తెరచును. పని యొత్తిడిచే సందేశము వినలేకపోయినను అట్లే తెరచును. అనగా మౌనమే అనుమతి. ఒత్తిడి హెచ్చినప్పుడే తీగలు తెరచుకొనును. తెరచుకొన్నకొలది ఒత్తిడి హెచ్చును.

2002 నవంబరు 13న బోస్టను నగరపు బెత్ ఇజ్రాయెల్ డీకనెస్ ఆసుపత్రిలో ఇదే జరిగినది. పెద్ద మొత్తమున సమాచారము ఒక్కసారిగా వ్యవస్థపై పడగా, ఏండ్ల తరబడి అతుకులపై అతుకులుగా పెరిగిన ఆ వ్యవస్థ కూలినది. కొన్ని దినములు వైద్యులు కాగితముపై మందులు వ్రాసిరి. పరీక్షాఫలితములను మనుష్యులు చేతబట్టుకొని పరుగెత్తిరి. మార్గములు లెక్కించు రూటర్ల పద్ధతిలో నియమము దీనికి తలక్రిందులు: మాట వినబడనిచో ఆ దారి లేనట్లే.

2004లో పెర్ల్‌మన్ తన పాత చెట్టును తానే నరుకుటకు పూనుకొనినది. ఆమె ప్రతిపాదించిన ‘ఆర్‌బ్రిడ్జి’ పైకి బ్రిడ్జి, లోపల రూటరు. ప్రతి పెట్టెయు పొరుగువారి వివరములను అందరికి చాటును; అందరియొద్దను ఒకే పటము ఏర్పడును. ఆ పటముపై దగ్గరి దారిని లెక్కకట్టు విధానము ఎడ్స్‌గర్ డైక్‌స్ట్రా 1959లో ప్రకటించినది. ఆమ్‌స్టర్‌డామ్ నగరమున కాఫీ త్రాగుచు ఇరువది నిమిషములలో దానిని ఊహించితినని ఆయన చెప్పెను.

కవరు చేరిన మొదటి పెట్టె, అందుకొనువారు ఏ పెట్టె వెనుక నున్నారో చూచి, పాత కవరును ముట్టక దానిని మరొక కవరులో పెట్టును. పై కవరుపై మొదటి పెట్టె, చివరి పెట్టె మారుపేర్లు 16 బిట్ల చొప్పున నుండును. ఇన్నాళ్లును లేని చేతుల లెక్కకు 6 బిట్ల గడి యుండును. చివరి పెట్టె పై కవరు చింపి లోపలిది అందజేయును. సమాన దూరపు దారులు పెక్కు లున్నచో రద్దీని వానియందు పంచవచ్చును. 2011లో ‘ట్రిల్’ అను పేర ఇది ప్రమాణముగా వెలువడినది. పాశ్చాత్య సంగీతమున కంపిత గమకము వంటిదానికి ఇదే పేరు.

వేలకొలది కంప్యూటర్లు బారులు తీరిన డేటా సెంటర్లకు ఇది అవసరమయ్యెను. అచట ఒక యంత్రములో నడుచు పనిని, చిరునామా మారకుండ, మరొక యంత్రమునకు మార్చుట నిత్యకృత్యము. ఊరు పేరు లేని చిరునామా ఇచట దోషము గాక సౌకర్యమైనది! 2012లో మరొక ప్రమాణసంఘము ‘షార్టెస్ట్ పాత్ బ్రిడ్జింగ్’ అను పోటీ పద్ధతిని ఆమోదించెను. అదియు అదే పటమును, కవరుపై కవరును నమ్మినది. 2014లో ప్రకటితమైన ‘వి.ఎక్స్.ల్యాన్’ పై కవరుగా ఇంటర్‌నెట్ ప్యాకెట్టునే వాడుకొనెను. ఉన్న రూటర్లే చాలును గనుక పెక్కు డేటా సెంటర్లు దానివైపు మొగ్గినవి. ట్రిల్ అంతగా వ్యాపింపలేదు. పేరు ఓడినను ఊహ గెలిచినదని మేము తలచుచున్నాము.

ట్రిల్ ప్రమాణపత్రములో గణితసంజ్ఞల నడుమ ఒక పద్యము కూడ అచ్చయినది. అది పెర్ల్‌మన్ పాత పద్యమునకు రెండవ కూర్పు. వ్రాసినవాడు ఆమె కుమారుడు రే పెర్ల్‌నర్.