ఆవిరి పదును

బాగా ఎండిన ఆకును, గడ్డిని కట్టలుగానో బేళ్లుగానో బిగించే ముందు ఆవిరి పట్టించి మెత్తబరిచే పద్ధతి ఇది. పదును అన్న మాట కత్తికి ఒక్కదానికే చెందినది కాదు. వాన పడితే దుక్కికి పదును వచ్చిందంటాడు రైతు. విత్తడానికి పదును చాలలేదంటాడు. ఆకు పదును మీద ఉంది, దించమంటాడు. అన్నిచోట్లా అర్థం ఒకటే: చేయబోయే పనికి సరిపడా తేమ. గోదావరి జిల్లాల్లో ఈ పదును చరిత్ర రెండు దారుల్లో నడిచింది. వరిగడ్డి, జనుము, అపరాలు మంచును నమ్ముకుని అక్కడే ఆగాయి. వర్జీనియా పొగాకు మంచుతోనే మొదలుపెట్టి బాయిలర్ దాకా వెళ్లింది. పశుగ్రాసానికి పొలంలోనే ఆవిరి పట్టించే యంత్రం మాత్రం పుట్టింది ఇక్కడ కాదు, అమెరికా పడమటి ఎడారి లోయల్లో.

పదును ఎందుకు

ఎండిన ఆకు గాజు లాంటిది, ముట్టుకుంటే పొడి అవుతుంది. తడి ఎక్కువైన ఆకును కట్టి పెడితే లోపల వేడి పుట్టి బూజు పడుతుంది, ముక్కుతుంది. పచ్చిదనం బాగా మిగిలిన గడ్డి వాములోనో బేలులోనో దానంతటదే రాజుకుని తగలబడిన సందర్భాలు ప్రపంచమంతటా ఉన్నాయి. కాబట్టి విరగనంత తడి, బూజు పట్టనంత పొడి కావాలి. ఈ రెండింటి మధ్య ఉన్న సందు చాలా ఇరుకు.

నీళ్లు చిలకరిస్తే పోదా అనిపిస్తుంది. చిలకరించిన నీటి బొట్టు ఆకు పైన నిలుస్తుంది. అది లోపలికి ఇంకేలోగా ఒకచోట మచ్చ పడుతుంది, పక్కనే ఇంకోచోట పొడిగా ఉండిపోతుంది. ఆవిరి అలా కాదు. లీటరు నీరు ఆవిరైతే సుమారు 1,700 లీటర్ల చోటు ఆక్రమిస్తుంది కాబట్టి కొద్ది నీరే ఆకుల సందుల్లోకంతా పాకుతుంది. చల్లని ఆకును తాకి మళ్లీ నీరయ్యేటప్పుడు గ్రాముకు 540 కేలరీల చొప్పున వేడిని వదులుతుంది. ఆ వెచ్చదనానికి ఆకు త్వరగా తేమ పీల్చి తోలులా వంగుతుంది.

లెక్క చూస్తే నీటి అవసరం తక్కువే. 6 శాతం తేమ ఉన్న 100 కిలోల ఆకును 16 శాతానికి తేవాలంటే 12 కిలోల నీళ్లు చాలు. కానీ ఆకు అమ్మేది తూకం మీద. ఆ 12 కిలోల నీళ్లకూ ఆకు ధరే పలుకుతుంది. పదును దగ్గర కొనేవాడికీ అమ్మేవాడికీ ఎప్పుడూ పేచీ ఉండటానికి కారణం ఇదే.

మంచు చేసిన పని

1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక గోదావరి డెల్టా వరిసీమ అయింది. ఆ వెంటే గడ్డిసీమ కూడా అయింది. సార్వా వరి కోసి పనల మీద ఆరనిచ్చి, మోపులు కట్టడానికి కూలీలు చీకటితోనే చేలోకి దిగేవారు. మంచు పదును మీద కడితే గింజ రాలదు, మోపు చుట్టిన వెంటి తెగదు. వెంటి అంటే గడ్డినే పేనిన తాడు. ఎండుగడ్డిని పేనితే పుటుక్కున తెగుతుంది, అందుకని తడిపి పేనేవారు. గడ్డికి తేమ పట్టించి కట్టడం అన్న కళ డెల్టాలో ఇంత పాతది, ఇంత మామూలుది. ఎవరూ దానికి ప్రత్యేకంగా పేరు పెట్టలేదు.

వరిగడ్డి కంటే జనుము, పిల్లిపెసర దగ్గర పదును మరీ ముఖ్యం. వీటి విత్తనాలను కోతకు ముందే వరిచేలో చల్లుతారు, కోత అయ్యాక మిగిలిన తేమతోనే అవి ఎదుగుతాయి. పశువుకు బలమిచ్చేది వీటి ఆకు. ఎండ బాగా ఎక్కిన తర్వాత కదిలిస్తే ఆకంతా నేల మీద రాలి కాడలు మాత్రం ఇంటికొస్తాయి. మినుము, పెసర తెల్లవారుజామున పీకడానికీ కారణం ఇలాంటిదే, ఎండలో కాయ పగిలి గింజ చేలోనే పోతుంది. అమెరికా రైతు ఆవిరి యంత్రం కొన్నది సరిగ్గా ఈ నష్టం తప్పించుకోవడానికే. డెల్టా రైతుకు అదే పని మార్గశిర, పుష్య మాసాల మంచు ఉచితంగా చేసిపెట్టింది. సముద్రం దగ్గర, కాలువలు నిండుగా, చెరువులు పక్కనే ఉన్న నేల ఇది. రాత్రి గాలిలో తడికి కొదవ లేదు.

అసలు డెల్టాలో గడ్డికి వచ్చిన బెడద దీనికి తలకిందులు. తేమ చాలకపోవడం కాదు, ఎక్కువైపోవడం. కోతల వేళకు తుఫాను వస్తే పనలు నీళ్లలో నాని గడ్డి నల్లబడుతుంది, పశువు ముట్టదు. 1996 నవంబరు 6న కోనసీమ మీద విరుచుకుపడిన తుఫాను కొబ్బరితోపాటు కోతకొచ్చిన వరినీ పడగొట్టింది. వాము వేయడంలోని నేర్పంతా వాన లోపలికి దిగకుండా నడుమును ఎత్తుగా, అంచులను వాలుగా పేర్చడంలోనే ఉంది. సరిగా వేసిన వామును పక్క నుంచి దూసుకుంటూ ఏడాదంతా వాడినా లోపలి గడ్డి పచ్చగా, కమ్మగా ఉంటుంది.

లంక పొగాకు

గోదావరి పాయల మధ్య లంకల్లో వరదలు వదిలిన ఒండ్రు మీద పెరిగే పొగాకు బ్రిటిషు కాలంలోనే పేరు మోసింది. దాంతో చుట్టిన చుట్టలను ఇంగ్లీషువాళ్లు ‘లంకా’ చుట్టలనే పిలిచారు. 1890లో వచ్చిన కోనన్ డాయిల్ నవల ‘ది సైన్ ఆఫ్ ఫోర్’లో షెర్లాక్ హోమ్స్ బూడిదను బట్టి పొగాకు రకాలు గుర్తుపట్టే సందర్భంలో ఈ చుట్ట పేరు వస్తుంది. గోదావరి ఇసుక దిబ్బల మీది ఆకు లండన్ అపరాధ పరిశోధకుడి చేతికి చేరిందన్నమాట.

చుట్ట పొగాకుకు బ్యారన్, అంటే పొయ్యి వేడితో ఆకును ఎండబెట్టే కొట్టం, లేదు. ఆకు పందిళ్ల కింద గాలికి ఆరుతుంది, రంగు ముదిరాక దించి మండెలు వేస్తారు. మండె అంటే ఆకును ఒత్తుగా పేర్చిన దొంతర. దించడానికి ఎంచుకునే వేళ మంచు కురిసిన రాత్రి తెల్లవారుజాము. మండెలో ఆకు తన తేమతో తానే వెచ్చబడి ఘాటు, రంగు తెచ్చుకుంటుంది. మండెను మధ్యమధ్య విప్పి తిరగేయాలి. లోపల చెయ్యి పెట్టి వేడి చూసి ఎప్పుడు తిరగేయాలో చెప్పే మనిషికి ఊళ్లో గౌరవం ఉండేది. ఇక్కడా పదును తప్పితే అంతా తప్పినట్టే.

బ్యారన్‌లో ఆకు

వర్జీనియా పొగాకును తెలుగునాట గుంటూరు ప్రాంతంలో 1920లో వేశారు. 1912లో ఏర్పడిన ఇండియన్ లీఫ్ టొబాకో డెవలప్‌మెంట్ కంపెనీ, వ్యవహారంలో ఐ.ఎల్.టి.డి., దీనికి కేంద్రం. మొదట్లో ఈ ఆకును ఎండలోనే ఆరబెట్టారు. 1928లో బ్యారన్‌లు వచ్చాయి. కాలక్రమంలో సాగు ఉత్తరానికి పాకి రాజమండ్రి చుట్టుపక్కల నల్లరేగళ్లకూ, ఆ తర్వాత జంగారెడ్డిగూడెం, కొయ్యలగూడెం, దేవరపల్లి, గోపాలపురం వైపు మెట్ట ఇసుక నేలలకూ చేరింది. పొగాకు వాళ్ల భాషలో వీటిని ఉత్తరపు తేలిక నేలలంటారు. డెల్టా కాలువల కింద ఈ పంట లేదు. గోదావరి జిల్లాలంటే వరి, కొబ్బరి అని ఊహించుకునే వాళ్లు ఈ మెట్టను తరచు మరిచిపోతారు.

బ్యారన్‌లో ఆకు అయిదారు రోజులుంటుంది. కర్రలకు కట్టిన పచ్చి ఆకును వరసలుగా వేలాడదీసి, ఇనుప గొట్టాల్లో పొయ్యి వేడి పంపుతారు. మొదట తేమగా, 90 నుంచి 100 డిగ్రీల ఫారన్‌హీట్ మధ్య ఉంచి పసుపు రంగు తెప్పిస్తారు. తర్వాత మెల్లగా వేడి పెంచి ఆకు పలకను, చివరికి 160 డిగ్రీల దాకా తీసుకెళ్లి నడిమి ఈనెను ఎండబెడతారు. ఈనె పూర్తిగా ఎండకపోతే తర్వాత మండెలో బూజుకు అదే మూలం. ఎండిందా, ఆకు బంగారంలా ఉంటుంది, అప్పడంలా విరుగుతుంది. ఆ స్థితిలో కర్ర దించితే వారం రోజుల కష్టం చేతిలో నుసి అవుతుంది.

కాబట్టి పొయ్యి ఆర్పి, కిటికీలు, తలుపులు తెరిచి రాత్రి గాలి లోపలికి రానిస్తారు. తెల్లవారేసరికి ఆకు మెత్తబడుతుంది, సూర్యుడు పైకెక్కకముందే దించేస్తారు. జనవరిలో ఈ పని సాఫీగా సాగుతుంది. మార్చి, ఏప్రిల్ నాటికి మెట్టలో గాలి పొడిబారి రాత్రి కూడా ఆకు లొంగదు. అప్పుడు నేల తడుపుతారు, తడి గోనెసంచులు వేలాడదీస్తారు, వేడి గొట్టాల మీద నీళ్లు చల్లి ఆవిరి పుట్టిస్తారు. ఈ చివరి ఉపాయంలో గోదావరి రైతు బాయిలర్ లేకుండానే ఆవిరి పదును పెట్టాడు. బ్యారన్ ఖాళీ అయితే తప్ప రెండో కోత ఆకు ఎక్కించడానికి వీల్లేదు, చేలో ఆకేమో ముదిరిపోతూ ఉంటుంది. మంచు కోసం ఆగే ఓపిక ఆ రోజుల్లో ఎవరికీ ఉండదు.

1947లో రాజమండ్రిలో కేంద్ర పొగాకు పరిశోధన సంస్థ వెలిసింది. దాన్ని స్థాపించింది అంతకు రెండేళ్ల ముందు ఏర్పడిన భారత కేంద్ర పొగాకు సంఘం. 1965లో అది భారత వ్యవసాయ పరిశోధన మండలి కిందికి వచ్చింది. మెట్ట నేలల కోసం జీలుగుమిల్లిలో దానికి పరిశోధన కేంద్రం ఉంది. వంగడాలతోపాటు క్యూరింగ్, మండె కట్టడం, గ్రేడింగ్ కూడా ఈ సంస్థ పనిలో భాగమే. 1976 జనవరి 1న గుంటూరు కేంద్రంగా పొగాకు బోర్డు మొదలైంది, 1980ల మధ్యలో ఆంధ్రప్రదేశ్‌లో వేలం కేంద్రాలు తెరిచారు. వేలంతో పదును పేచీ అందరి కళ్లెదుటికీ వచ్చింది. బేలులో చెయ్యి దూర్చి చూసిన కొనుగోలుదారు తడి అనుకుంటే ధర దిగుతుంది, లేదా ‘నో బిడ్’ అని బేలు వెనక్కి వెళ్తుంది. మరీ పొడిగా తెస్తే నుసి నష్టం, తూకం నష్టం రైతువి.

ఫ్యాక్టరీ ఆవిరి

రైతు దగ్గర్నుంచి వచ్చిన బేళ్లలో ఏ రెండింటి తేమా ఒకలా ఉండదు. అలాగే ఓడ ఎక్కిస్తే దారిలో బూజు పడుతుంది. దీనికి విరుగుడు రీడ్రైయింగ్. పేరు మళ్లీ ఎండబెట్టడం అని ఉన్నా, పనిలో చివరి అంకం మళ్లీ తడపడం. పొడవాటి యంత్రంలో ఆకు మొదట వేడి గదుల గుండా వెళ్లి అవసరమైన దానికంటే ఎక్కువే ఎండుతుంది, తర్వాత చల్లబడుతుంది, చివరి గదిలో ఆవిరి, నీటి తుంపర కలిపి పట్టిస్తారు. బయటికి వచ్చేటప్పుడు ఆకంతటా 12 శాతం చుట్టుపక్కల ఒకే తేమ. ఎక్కువతక్కువలున్న ఆకును సరిచేయడం కంటే మొత్తాన్నీ ఒకసారి ఎండబెట్టి మళ్లీ సమంగా తడపడం తేలికని కనిపెట్టినవాడెవడో గాని గట్టివాడు.

బిగుసుకుపోయిన బేలు లోపలికి ఆవిరి వెళ్లనప్పుడు గాలి తీసేసిన గదిలో పెడతారు. సందుల్లోని గాలి పోయాక వదిలిన ఆవిరి ఆ ఖాళీల్లోకి దూసుకెళ్తుంది, ఆకు విరగకుండా విడివడుతుంది. తర్వాత వచ్చిన గ్రీన్ లీఫ్ త్రెషింగ్‌లో ఆకును ఈనె నుంచి యంత్రంతో విడగొడతారు. ఆ దెబ్బకు ఆకు పొడి కాకుండా ముందుగా తిరిగే పెద్ద డ్రమ్ముల్లో ఆవిరి పట్టిస్తారు. ఆవిరి మోతాదు మించితే నిమ్మపండు రంగు ఆకు గోధుమరంగుకు దిగుతుంది, గ్రేడు పోతుంది. ఐ.ఎల్.టి.డి. ఐ.టి.సి.లో ఒక విభాగం అయ్యాక చీరాలతోపాటు తూర్పుగోదావరిలోని అనపర్తిలోనూ ఇలాంటి త్రెషింగ్ ఫ్యాక్టరీ నడిచింది. చివరికి ఆకు సుమారు 200 కిలోల అట్టపెట్టెల్లోకి ఒత్తిడితో దిగుతుంది.

అనపర్తి, మండపేట, రామచంద్రపురం వైపు ఆవిరి కొత్తేం కాదు. ఉప్పుడు బియ్యం మిల్లుల్లో ఊకతో బాయిలర్ మండించి ధాన్యాన్ని ఆవిరిలో ఉడికిస్తారు. ధాన్యానికి ఆవిరి దక్కింది, అదే మొక్క గడ్డికి దక్కలేదు.

గడ్డికి ఆవిరి

అమెరికాలో యూటా, నెవాడా, కాలిఫోర్నియా లోయల్లో లూసర్న్ అనే పశుగ్రాసం పెద్ద పంట. అందులోని మాంసకృత్తుల్లో సగానికి మించి ఆకులోనే ఉంటాయి. అక్కడ కొన్ని వారాలపాటు రాత్రి కూడా మంచు పడదు. రైతులు అర్ధరాత్రులు మేలుకుని మంచు పడితే బేళ్లు కట్టడం, లేదంటే నిద్ర చెడగొట్టుకుని తిరిగిరావడం. యూటాలోని సీడార్ సిటీకి చెందిన స్టాహెలీ వెస్ట్ సంస్థ ట్రాక్టరుకూ బేలర్‌కూ మధ్య లాగే డీజిల్ బాయిలర్ తయారుచేసింది. అందులోంచి వచ్చిన ఆవిరి గడ్డి బేలర్‌లోకి ఎక్కుతుండగానే తగిలి ఆకును మెత్తబరుస్తుంది. యంత్రం పేరు ‘డ్యూపాయింట్’, అంటే గాలిలోని తేమ మంచుగా మారే ఉష్ణోగ్రత. మన కూలీలు చీకట్లో లేచి వెతుక్కున్నదీ అదే.

గోదావరి డెల్టాలో కోత యంత్రాలు వచ్చాక మోపులు కట్టడం తగ్గింది. యంత్రం వెదజల్లిన గడ్డిని ట్రాక్టర్ బేలర్లు ఏరి గుండ్రంగా చుట్టి పడేస్తున్నాయి. దాళ్వా గడ్డి ఏప్రిల్, మే ఎండల్లో పెళుసుగా ఉంటుంది, బేలర్‌లో కొంత నుసి అవుతుంది. అయినా వరిగడ్డిలో లూసర్న్‌లా రాలిపోయే విలువైన ఆకు లేదు. రాలేది అదే కాడ ముక్క. దాని కోసం డీజిల్ కాల్చి నీళ్లు మరిగిస్తే గడ్డి ధర కంటే ఆవిరి ధర ఎక్కువవుతుంది.

వరిగడ్డికి కావాలని తేమ పట్టించే సందర్భాలు వేరే ఉన్నాయి. 100 కిలోల గడ్డి మీద 4 కిలోల యూరియా కలిపిన 50 లీటర్ల నీళ్లు చల్లి, గాలి చొరకుండా మూడు వారాలు కప్పి ఉంచితే గడ్డి మెత్తబడి పశువుకు బాగా అరుగుతుంది. పుట్టగొడుగులు పెంచేవాళ్లు గడ్డిని నానబెట్టి, వేడినీళ్లతోనో ఆవిరితోనో శుద్ధి చేస్తారు. జనుము, పిల్లిపెసర కోసేవాళ్లు మాత్రం ఇప్పటికీ తెల్లవారుజామునే చేలో ఉంటారు. ఎండెక్కితే ఆ పూటకు పని ఆపేసి, మిగిలింది మర్నాటి మంచుకు వదిలేస్తారు.